తలుపు కింద సందు

2025 ఆగస్టు 14న వర్లి బి.డి.డి. చాళ్ల వాళ్లకు మొదటి విడతగా 556 కుటుంబాలకు కొత్త ఇళ్ల తాళాలు అందాయి. ఆ 556లో మా అన్న ఇల్లు కూడా ఒకటి. 160 చదరపు అడుగుల ఖోలీలో పుట్టి పెరిగి, అందులోనే పెళ్లి చేసుకుని, పిల్లల్ని పెంచి, చాళ్ కూల్చే ముందు కొన్నేళ్లు తాత్కాలికంగా ఇచ్చిన ఇంట్లో సర్దుకుని, అరవై ఏళ్ల వయసులో ఆయన 500 చదరపు అడుగుల ఇంటి యజమాని అయ్యాడు. చూడటానికి నేనూ మా ఆవిడా వెళ్లాం. అన్న హాలు చూపించలేదు, కిటికీలోంచి కనబడే ఆకాశం చూపించలేదు. ముందు బాత్రూమ్ చూపించాడు.

"సూడు తమ్మీ, తలుపేస్కొని తానం జేసుడు. అరవై ఏండ్లకు దొరికింది" అన్నాడు.

నేను తలుపు వేసి చూశాను. తలుపు కింద సందు ఎంత ఉందో వంగి చూశాను. అన్నకు నవ్వొచ్చింది. "గదేంది, ఏమన్న పడిపోయిందా?" అన్నాడు. ఏమీ పడిపోలేదన్నాను. కాని ఎందుకు వంగి చూశానో ఆ రోజు చెప్పవలసి వచ్చింది. అన్నకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. పదునాలుగేళ్లుగా ఎవరికీ చెప్పని మాట ఒకటి ఇందులో ఉంది.

చాళ్లలో పెరగని వాళ్ల కోసం కొంచెం వివరం. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టించిన ఇళ్లు కాబట్టి బి.డి.డి. చాళ్లు అన్న పేరు వచ్చింది. ఒక్క వర్లిలోనే 121 చాళ్లు. నడుమ పొడుగాటి నడవ, దానికి అటూ ఇటూ ఎదురెదురుగా ఖోలీలు. కక్కసులు అందరికీ ఉమ్మడి. స్నానానికి మాత్రం ఖోలీలో ఒక మూల చిన్న గట్టు కట్టిన మోరీ. అందులోనే గిన్నెలు తోమేది, అందులోనే బట్టలుతికేది, అందులోనే ఓ పాత చీర అడ్డం కట్టుకుని స్నానం చేసేది. కరీంనగర్ జిల్లా నుంచి బతుకుతెరువుకు వచ్చి మిల్లులో చేరిన మా బాపు లాంటి వాళ్లు ఎందరో ఆ నడవల్లో ఉండేవారు. మా నడవలో తెలుగు, మరాఠీ సగం సగం. పొద్దున అయిదు గంటలకు తలుపులు తెరుచుకుంటే రాత్రి పదింటి దాకా మూసేవారు కాదు. ఎదురింటి తలుపూ మా తలుపూ తెరిచి ఉంటే వాళ్ల కిటికీ గాలి మా కిటికీ దాకా వచ్చేది. వాళ్ల పోపు ఘాటు కూడా వచ్చేది.

వంటకు అప్పుడు కిరసనాయిలు స్టవ్వు. మా ఊరి మాటలో దాన్ని గ్యాస్‌నూనె అంటారు. బొంబాయిలో రాకేల్ అనేవారు. రేషన్ దుకాణం ముందు డబ్బా పట్టుకుని నిలబడటం నా పని. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు నాకు పన్నెండేళ్లు. బాపు ఇంట్లో కూర్చున్నాడు, అవ్వ బీడీలు చుట్టింది. స్టవ్వు రోజుకు ఒక్కసారే వెలిగేది. బియ్యం ఉడికిన వేడి మీదే పప్పు మగ్గించేది. స్నానానికి చన్నీళ్లే. ఆ కాలంలో మంటను దండగ చేయడం మా ఇంట్లో పాపంతో సమానం. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, తరవాత నేను చేసిన పొరపాటుకు వేరు అక్కడ ఉంది.

1988లో అన్న పేరు మీద గ్యాస్ కనెక్షన్ వచ్చింది. పేరు రాయించి ఏళ్లు గడిచాక వచ్చిన కనెక్షన్ అది. "గ్యాస్ వచ్చింది" అని నేను అరిస్తే అవ్వ కిరసనాయిలు డబ్బా పట్టుకుని లేచింది. ఎర్ర సిలిండర్ చూసి, "నూనె ఏడ పోసుడు?" అని అడిగింది. నడవలో అందరూ నవ్వారు. నవ్విన వాళ్లే సాయంత్రానికి మా ఇంటి ముందు నిలబడి నీలం మంటను చూసి వెళ్లారు.

పొయ్యి సంగతులు మాకు నేర్పిన మనిషి కామాటిపురా నుంచి వచ్చేవాడు. కామాటిపురాలో తరతరాలుగా ఉన్న మన కామాటి కుటుంబాల వాడు. భుజానికి ఖాకీ సంచీ, అందులో ఇత్తడి తీగ, పాత టూత్‌బ్రష్, సబ్బు ముక్క, రెండు మూడు రకాల పానాలు. అందరం ఆయన్ని తాత అనేవాళ్లం. ఆయన ఇంగ్లీషు చదువుకోలేదు. కాని ఆ తరవాత నేను పుస్తకాల్లో చదివిందేదీ ఆయన చెప్పిన దానికి భిన్నంగా లేదు.

సిలిండర్ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు. పొయ్యి సిలిండర్ కన్నా ఎత్తున, గట్టు మీద ఉండాలి. రబ్బరు పైపు పొయ్యి వెనక వేడికి తగలకూడదు, గోడకు నొక్కుకోకూడదు, దాని మీద గుడ్డ చుట్టకూడదు. గుడ్డ చుడితే పగులు కనపడదు. కొత్త సిలిండర్ పెట్టినప్పుడల్లా లోపలి రబ్బరు వాషర్ ఉందో లేదో చూసి, రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురగ పూయాలి. బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్ల గీసి వెతికేవాడు మూర్ఖుడు. రాత్రి పడుకునే ముందు పొయ్యి నాబ్ కాదు, రెగ్యులేటర్ కట్టాలి.

సిలిండర్ మెడ దగ్గర లోహపు పట్టీ మీద రాసిన అక్షరాన్ని కూడా ఆయనే చూపించాడు. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. పక్కన ఉన్న రెండంకెలు సంవత్సరం. సిలిండర్‌కు తిరిగి పరీక్ష జరగవలసిన గడువు అది. గడువు దాటిన సిలిండర్ ఇంటికి వస్తే వెనక్కి పంపడం మన హక్కు. బ్యాంకులో చేరాక చెక్కు మీద తేదీ చూసే అలవాటు నాకు సులభంగా పట్టుబడింది. సిలిండర్ మీద తేదీ చూడటం అప్పటికే నేర్చుకున్నాను కదా.

మన ఇళ్ల సిలిండర్‌లో ఉండేది ఒత్తిడితో ద్రవంగా మార్చిన ప్రొపేన్, బ్యూటేన్. వాటికి సొంత వాసన దాదాపు లేదు. మనకు వచ్చే ఆ కుళ్లు వాసన మెర్కాప్టన్ అనే పదార్థానిది. లీకు తెలియాలని కావాలనే కలుపుతారు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పారి పల్లం వెతుక్కుంటుంది. తాత మోరీ వైపు వేలు చూపించి, "గ్యాస్ నీళ్ల లెక్క. గీ మోరీల కూసుంటది. వాసనొస్తే లైటు ఏయకు, ఆర్పకు. తలుపులు తెరువు, చీపురుతోటి బయటికి ఊడ్వు" అనేవాడు. చీపురుతో గ్యాస్ ఊడ్చడమేమిటని మేం నవ్వుకున్నాం. పైపుల్లో వచ్చే గ్యాస్ దీనికి పూర్తిగా వేరు. అది మీథేన్, గాలి కన్నా తేలిక, కప్పు కిందికి చేరుతుంది. ముంబయిలో మహానగర్ గ్యాస్ 1995లో ఏర్పడింది. ఆ పైపు వచ్చిన ఇళ్లలో కిటికీ పైభాగం కూడా తెరిచి ఉండాలి. రెంటికీ వర్తించే మాట ఒక్కటే: స్విచ్ ముట్టుకోకుండా, గ్యాస్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికి నడిచి అక్కడినుంచి ఫోన్ చేయడం. సిలిండర్ లీకుకు దేశమంతటా 1906 నంబరు ఉంది.

తాత చెప్పిన ఇంకో మాట మాత్రం నేను విన్నా గుర్తు పెట్టుకోలేదు. మంట పసుపుగా మారి గిన్నెల అడుగు నల్లబడితే ఆయన ముందు బర్నర్ కడిగేవాడు. కడిగినా మారకపోతే గదిలో కిటికీ వైపు చూసేవాడు. "మంట గూడ మన లెక్కనే ఊపిరి పీలుస్తది బిడ్డా. గాలి సాలకుంటే గట్ల పచ్చవడ్తది. సందు మూయొద్దు" అనేవాడు.

నేను బి.కాం. పూర్తి చేసి 1992లో బ్యాంకులో గుమస్తాగా చేరాను. ఆఫీసరయ్యాక 2004లో డోంబివలీలో ఒక పడకగది ఫ్లాటు కొన్నాను. వర్లి ఖోలీ అన్నకు ఉండిపోయింది. నా ఫ్లాటులో తలుపున్న బాత్రూమ్ ఉంది. మా అమ్మాయి అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల. మొదటి రోజు లోపలికి వెళ్లి గంట సేపు బయటికి రాలేదు.

2009లో కరెంటు బిల్లు చూసి నేను కాగితం మీద లెక్క వేశాను. ఎలక్ట్రిక్ గీజర్ నెలకు ఎన్ని యూనిట్లు తింటుంది, గ్యాస్ గీజరైతే సిలిండర్ ఎన్ని రోజులు వస్తుంది. గ్యాస్ చవక అని తేలింది. చిన్న పెట్టె, నీళ్లు తిప్పగానే తనంతట తానే అంటుకునే మంట. దుకాణం వాడు వచ్చి బాత్రూమ్ లోపలే గోడకు బిగించి, సిలిండర్ కూడా లోపలే మూలన పెట్టి వెళ్లాడు. ఎక్కడ పెట్టాలని నేను అడగలేదు, అతను చెప్పలేదు. పొగ బయటికి పోవడానికి గొట్టం లేదు. బాత్రూమ్‌కు పైన అద్దం పలకల చిన్న కిటికీ ఉందిగా అనుకున్నాను.

2011 జనవరిలో చలి కొంచెం ఎక్కువగా ఉంది. అద్దం పలకల మధ్యనుంచి గాలి కొడుతోందని అమ్మాయి అంటే అట్టముక్క అడ్డం పెట్టాను. తలుపు కిందనుంచి బొద్దింకలు వస్తున్నాయని మా ఆవిడ అంటే రబ్బరు పట్టీ తెచ్చి, కొలిచి, కోసి, జిగురుతో అతికించాను. పని నీటుగా కుదిరింది. తలుపు వేస్తే దారం కూడా దూరదు. ఆ పని చేసినందుకు నాకు నేనే మెచ్చుకున్నట్టు కూడా గుర్తు.

ఆ తరవాత వారం రోజులు అమ్మాయి స్నానం చేసి వచ్చి తల నొస్తోందని చెప్పింది. పదో తరగతి పరీక్షలు దగ్గర పడ్డాయి. భయం, నిద్ర చాలకపోవడం అనుకున్నాం. ఒక రోజు కడుపులో తిప్పుతోందని టిఫిన్ తినలేదు. అదీ పరీక్షల లెక్కలోనే రాసుకున్నాం.

ఆదివారం పొద్దున నేను పేపరు చదువుతున్నాను. నీళ్ల చప్పుడు ఆగకుండా వస్తోంది. ఇరవై నిమిషాలైంది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఇంత సేపా?" అని కేకేసింది. జవాబు లేదు. తలుపు కొట్టింది. జవాబు లేదు. ఆమె గొంతు మారింది. ఆ మార్పు వినగానే నేను లేచాను. లోపల గొళ్లెం. నేను భుజంతో తోశాను, కదల్లేదు. ఎదురింటి మరాఠీ ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి గొళ్లెం ఊడదీశాడు. అమ్మాయి నేల మీద పక్కకు పడి ఉంది. గీజర్ ఇంకా మండుతోంది. దాని కిటికీలో మంట పసుపుగా, పొడుగ్గా ఊగుతోంది. మా ఆవిడ చీర కొంగు కప్పి పిల్లను గుంజి హాల్లోకి తెచ్చింది. నేను ఇంట్లో ఉన్న తలుపులన్నీ తెరిచాను. ఎందుకు తెరిచానో తెలియదు. తాత మాట లోపల ఎక్కడో ఉండి ఉంటుంది.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు పిల్లను చూసి మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "గీజర్ ఎక్కడుంది?" అని. ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచింది. ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదని నేను అడిగితే ఆయన సమాధానం చెప్పకుండా చార్టు మీద ఏదో రాసుకున్నాడు.

ఆయన విడమరిచి చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. మంటకు గాలి సరిపడా దొరికితే గ్యాస్ పూర్తిగా కాలి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి అవుతాయి. మూసిన చిన్న గదిలో ప్రాణవాయువు తగ్గిన కొద్దీ మంట సగం సగం కాలుతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. సిలిండర్ గ్యాస్‌లో వాసన కలిపినట్టు దీనిలో కలపడానికి ఎవరూ ఉండరు, ఎందుకంటే అది అప్పటికప్పుడు మన మంటలోనే పుడుతుంది. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకెళ్లే హిమోగ్లోబిన్ ఈ వాయువును ప్రాణవాయువు కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది, శరీరానికి ప్రాణవాయువు మాత్రం చేరదు. ముందు తలనొప్పి, తరవాత తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్లలో శక్తి పోవడం. ఏదో తేడాగా ఉందని తెలిసే సరికి తలుపు గొళ్లెం తీసే బలం ఉండదు. బయటికి వస్తే తలనొప్పి మెల్లగా తగ్గుతుంది కాబట్టి ఇంట్లో వాళ్లకు అనుమానం రాదు. మాకు రాలేదు.

రాత్రి ఇంటికి వచ్చి బాత్రూమ్ తలుపు కింద కూర్చుని ఆ రబ్బరు పట్టీ పీకాను. జిగురు గట్టిగా పట్టింది, చాకుతో గోకవలసి వచ్చింది. అట్టముక్క కూడా తీశాను. మా ఆవిడ చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. బంధువులు ఫోన్ చేస్తే "గీజర్ పాడైంది" అని చెప్పాను. వర్లిలో అన్నకూ అదే చెప్పాను. అవ్వ అప్పటికి బతికే ఉంది, ఆమెకూ అదే చెప్పాను. గీజర్ పాడు కాలేదు. మర్నాడు వచ్చిన మెకానిక్ దాన్ని విప్పి చూసి, బర్నర్‌లో దుమ్ము ఉంది గాని పెట్టె బాగానే ఉందన్నాడు. నేను కాగితం మీద వేసిన లెక్క కూడా తప్పు కాదు. యూనిట్లు సరిగ్గానే కూడాను. గాలి పద్దు ఒకటి రాయడం మరిచిపోయాను.

తరవాత ఆ గీజర్‌ను బాత్రూమ్‌లోంచి తీయించి వెనకవైపు తెరిచి ఉండే చిన్న బాల్కనీలో పెట్టించాను. సిలిండర్ కూడా అక్కడికే. వేడి నీళ్లు మాత్రం గొట్టంలో లోపలికి వస్తాయి. అయినా బకెట్ నింపుకుని, గీజర్ కట్టేశాకే తలుపు వేసుకోవాలని ఇంట్లో నియమం పెట్టాం. ఒక పాత లెడ్జరు పుస్తకంలో పట్టిక గీశాను. రబ్బరు పైపు మార్చిన తేదీ, మళ్లీ మార్చవలసిన తేదీ. సురక్షా పైపుకు అయిదేళ్లు గడువు, అది పైపు మీదే అచ్చయి ఉంటుంది. పొయ్యి బర్నర్లు కడిగిన తేదీ. గీజర్ విప్పి దుమ్ము తీయించిన తేదీ, ఏటా దీపావళికి ముందు. సబ్బు నురగ పరీక్ష, సిలిండర్ మార్చిన ప్రతిసారీ. మంట రంగు. చివరి గడి సంతకానికి. సంతకం ఎవరికోసం అని మా ఆవిడ నవ్వేది. బ్యాంకులో స్ట్రాంగ్‌రూమ్ తాళాలు రెండు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒక్కడి మతిమరుపు మీద డబ్బు వదలకూడదని. ఇంట్లో ఆ రెండో తాళం నా దగ్గర లేదు, అందుకే పుస్తకం పెట్టానని చెప్పాను.

అమ్మాయి చదువుకుని 2018లో అమెరికా వెళ్లింది. పెళ్లయ్యాక చికాగో దగ్గర ఒక ఊళ్లో అల్లుడూ తనూ ఇల్లు కొన్నారు. 2023 డిసెంబరులో మేం మొదటిసారి వెళ్లాం. బయట మంచు, లోపల వెచ్చగా ఉంది. ఈ వెచ్చదనం ఎక్కడిదని అడిగితే అమ్మాయి నేలమాళిగలోకి తీసుకెళ్లింది. బీరువా అంత ఇనుప పెట్టె. దాన్ని ఫర్నేస్ అంటారు. లోపల గ్యాస్ మంట. ఆ మంట వేడికి కాగే లోహపు అరలు వేరు, వాటి మీదుగా ఫ్యాను తోసే ఇంటి గాలి వేరు. రెండూ కలవవు. కాలిన పొగ గొట్టంలో బయటికి, వెచ్చని గాలి గదుల్లోకి. ఆ లోహపు అరల్లో పగులు వస్తే పొగ ఇంటి గాలిలో కలుస్తుంది. అందుకే ఏటా చలికాలానికి ముందు పనివాణ్ణి పిలిపించి చూపిస్తానంది.

నాకు అన్నీ వరసగా చూపించింది. గాలి వడపోసే ఫిల్టర్, ఒకటి నుంచి మూడు నెలలకోసారి మార్చాలి. అది దుమ్ముతో మూసుకుపోతే గాలి ఆడక పెట్టె అతిగా వేడెక్కి ఆగిపోతుంది. పెట్టె చుట్టూ అట్టపెట్టెలు, రంగు డబ్బాలు పెట్టకూడదు. పొగ గొట్టం ఇంటి పక్కగోడలోంచి బయటికి వస్తుంది. మంచు కురిసిన పొద్దున ఏడింటికి ఆమె మందపాటి కోటు వేసుకుని పార పట్టుకుని బయటికి వెళ్లడం చూశాను. కారు కోసమనుకున్నాను. ముందు గోడ దగ్గరికి వెళ్లి ఆ గొట్టం నోటి ముందు పేరుకున్న మంచును తీసి, ఆ తరవాత కారు దగ్గరికి వెళ్లింది. గొట్టం నోరు మూసుకుపోతే పొగ వెనక్కి తిరుగుతుంది.

పడకగదుల బయట గోడకు అరచేతి అంత తెల్ల డబ్బా. కార్బన్ మోనాక్సైడ్ ఉంటే చెవులు పగిలేలా అరుస్తుందట. 2007 నుంచి ఇలినాయ్ రాష్ట్రంలో గ్యాస్ మంట ఉన్న ఇళ్లలో ప్రతి పడకగదికి 15 అడుగుల లోపల ఒకటి ఉండాలని చట్టం. నెలకోసారి బటన్ నొక్కి అది పనిచేస్తోందో లేదో చూడాలి. ఆ డబ్బాకూ గడువు తేదీ ఉంటుంది, దాటితే కొత్తది కొనాలి. అమ్మాయి నా ముందే బటన్ నొక్కింది. ఆ చప్పుడుకు నేను ఉలిక్కిపడ్డాను.

"నీకు అప్పటిది ఏమన్నా గుర్తుందా బిడ్డా?" అని అడిగాను. పన్నెండేళ్లలో మొదటిసారి అడిగాను.

"పడింది గుర్తు లేదు నాన్నా. లేచాక తలుపు కింద జిగురు మరక చూశాను. రబ్బరు లేదు" అంది. కాసేపాగి, "మీరు ఎవరికీ చెప్పకపోతే నేనూ చెప్పలేదు" అంది. ఆ డబ్బాను మళ్లీ గోడకు తగిలించింది. పైకి వెళ్లి టీ పెట్టింది.

అక్కడినుంచి వస్తూ ఆ తెల్ల డబ్బా ఒకటి కొని తెచ్చాను. ఇప్పుడు మన దేశంలోనూ దొరుకుతున్నాయి. మా ఇంట్లో అది ఇంతవరకు ఒక్కసారీ అరవలేదు. నేను నొక్కినప్పుడు తప్ప.

ఇప్పుడు వర్లి. అన్న బాత్రూమ్ చూపించి, గోడ మీద చేత్తో ఒక చోటు చూపించి, "ఈడ గ్యాస్ గీజర్ పెడ్తున్న. మా దోస్తుది పాతదున్నది, అగ్గువకిస్తడట. బండ లోపల్నే పెడ్తే అయిపాయె" అన్నాడు. నేను వద్దన్నాను. "నువ్వు బ్యాంకోనివి, అన్నిట్ల భయపడ్తవ్. చాళ్ల యాభై ఏండ్లు మంట పెట్టినం, ఏమైంది?" అన్నాడు.

ఆ ప్రశ్న న్యాయమైనదే. చాళ్లో ఏమీ కాకపోవడానికి కారణం మా జాగ్రత్త ఒక్కటే కాదు. తలుపులు తెరిచి ఉండేవి. మోరీకి చీరే గోడ. ఒక ఇంట్లో మంట పచ్చబడితే నడవలో పోయే వాళ్లకు కనబడేది. పిల్ల స్నానానికి కూర్చుని చప్పుడు చేయకపోతే పది మంది అడిగేవారు. ఇక్కడ తలుపు ఉంది. తలుపు వెనక ఉన్న మనిషి ఒంటరి. ఆ తలుపు కోసమే కదా మనం ఇన్నేళ్లు ఆశపడ్డాం. తప్పు కాదు. కాని పాత ఇంట్లో చుట్టుపక్కల వాళ్లూ కిటికీ గాలీ చూసుకున్న పనిని కొత్త ఇంట్లో మనమే చూసుకోవాలి.

ఇదంతా నేను అన్నకు ఇలా చెప్పలేదు. గీజర్ పాడు కాలేదని చెప్పాను. రబ్బరు నేనే అతికించానని చెప్పాను. వదిన వంటింట్లోంచి వచ్చి నిలబడింది. అన్న చాలా సేపు బాత్రూమ్ తలుపు వైపు చూశాడు.

"అవ్వకు తెల్సా?" అన్నాడు.

తెలియదన్నాను.

"మంచిగైంది" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "పాత గీజర్ వద్దని దోస్తుకు చెప్త" అన్నాడు. మా ఇంటినుంచి తెచ్చిన సంచీలోంచి రెండో తెల్ల డబ్బా తీసి ఇచ్చాను. గృహప్రవేశానికి ఇదేం కానుక అని వదిన నవ్వింది గాని, తనే స్టూలు తెచ్చి వేసింది. అన్న గోడకు తగిలిస్తుంటే నేను వంటగట్టు కింద రబ్బరు పైపు మీది తేదీ చదివాను. ఇంకా మూడేళ్లుంది.

మేం బయల్దేరేటప్పుడు లిఫ్టు దగ్గర నడవ చూశాను. శుభ్రంగా ఉంది. అటూ ఇటూ తలుపులన్నీ మూసి ఉన్నాయి. అన్న ఇల్లు ఒక్కటే తెరిచి ఉంది. వదినకు ఇంకా అలవాటు కాలేదట, పొద్దున తెరిచిన తలుపు రాత్రి దాకా మూయబుద్ధి కాదట.

ఈ పత్రిక చదివే మన వాళ్లలో చాలామంది చాళ్లు వదిలి ఫ్లాట్లకు వచ్చిన వాళ్లే. నాలాగే కరెంటు బిల్లు చూసి లెక్క వేసే వాళ్లే. మళ్లీ చలికాలం వస్తుంది, కిటికీలు మూసుకుంటాయి. నాది చిన్న విన్నపం. మీ ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే అది బాత్రూమ్ బయట ఉందో లోపల ఉందో చూడండి. లోపల ఉంటే బయటికి మార్పించండి. మార్చే వరకు తలుపు తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ ఆపి, గది గాలి మారాక స్నానం చేయండి. మంట పసుపుగా ఉంటే ఆ రోజే మెకానిక్‌ను పిలవండి. పిల్లలు స్నానం చేసి వచ్చి తల నొస్తోందంటే పరీక్షల భయం అనుకోకండి. ఈ రాత్రి ఒకసారి వంగి మీ బాత్రూమ్ తలుపు కింద చూడండి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.